నారింజరంగు పేలిక

సముద్రపొడ్డున ఉన్న లాన్‌మెరిస్ ఊళ్ళో ఎబ్రెల్ నాన్‌కారో పేరెత్తి చూడండి, ఎదుటివాళ్ళ మొహం ఎలా మారుతుందో. బేకరీ ఆవిడ మూతి తిప్పుకుంటుంది. చాపెల్ మెట్ల మీద ఎండ కాచుకునే ముసలాళ్ళు "తమ్ముణ్ణి చంపుకున్న మనిషి" అంటారు, అక్కడికేదో కళ్ళారా చూసొచ్చినట్టు. ముప్పయ్యేళ్ళపాటు ఆవిడ కాచిన కషాయాలు తాగి, ఆవిడ నూరిన కాంఫ్రీ లేపనం మోకాళ్ళకి పట్టించుకుని తిరిగిన జనమే వీళ్ళంతా. ఇప్పుడు దారిలో ఆవిడ ఎదురైతే అవే మోకాళ్ళతో గబగబా అవతలి పక్కకి దాటేస్తారు. సిగ్గుండాలి కదండీ మనిషికి!

ఎబ్రెల్‌ది మెత్తటి నోరని నేను చెప్పను. బడిలో వంటమనిషిగా చేసిన రోజుల్లో పళ్ళెంలో బఠాణీలు వదిలేసిన పిల్లాడు బతికి బట్టకట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, "వండిపెట్టడానికి నాకు బడినిండా వెధవలున్నారు, ఇంకొకడెందుకు?" అనేది. ముప్పయ్యో ఏట చాపెల్ మానేసి, చెట్టూ చేమనీ చంద్రుణ్ణీ కొలిచే విక్కా మతంలో చేరింది. ఊళ్ళో వాళ్ళ వలయం ఒకటుంది, మొత్తం ఎనిమిది మంది. దానికి పెద్ద రిటైరైన పోస్ట్‌మ్యాన్ హెడ్లీ వాస్పర్. పున్నమికి కలుస్తారు, ఏడాదికి ఎనిమిది పండగలు చేస్తారు. ఎవరికీ హాని చెయ్యకూడదన్నది వాళ్ళ మొదటి నియమం. "చేత్తో చెయ్యకూడదన్నారు, నోటి సంగతి ఎవరూ చెప్పలేదుగా" అని ఎబ్రెల్ వాదన.

కానీ ఆ చేతిలో గుణం ఉంది. ఎల్డర్ చెట్టుని అడక్కుండా పువ్వు కోసేది కాదు. ఆ అడగడం కూడా దెబ్బలాటలాగే ఉండేది. "ఏమమ్మా, నీ పూలు కోస్తున్నాను, ఊళ్ళో సగం మందికి జలుబులు. వినపడిందా? తర్వాత నా మీద పడి ఏడవకు" అని చెట్టుతో చెప్పి, మందుమొక్కలకి మాత్రమే వాడే తెల్లపిడి కత్తి బయటికి తీసేది. పీడకలలొచ్చే పిల్లల మంచాలకి సముద్రం ఒడ్డున దొరికే చిల్లు రాళ్ళు కట్టేది. ఎవరైనా షాపులో కొన్న మెరుపు రాయి తెచ్చి నడుంనొప్పికి పెట్టమంటే మండిపడేది. "లారీ ఎక్కి వచ్చిన రాయమ్మా అది. దానికే నడుంనొప్పి ఉంటుంది, నీదేం తీస్తుంది?"

ఊరి పైన, గొర్రెలదారి మలుపులో ఒక ఊట ఉంది. దాని మీదికి వంగి ఒక ముళ్ళచెట్టు. ఒంట్లో బాగోలేనివాళ్ళు తాము తొడుక్కున్న బట్టలోంచి ఓ పేలిక చించి, ఊటనీళ్ళలో తడిపి, నొప్పి ఉన్నచోట తుడిచి, కొమ్మకి కడతారు. ఎండకీ వానకీ పేలిక చివికి రాలేకొద్దీ జబ్బూ వదులుతుంది. ఎవరు కట్టిన ముడి వాళ్ళదే. వేరేవాళ్ళు విప్పితే, విప్పిన చేతికే ఆ జబ్బు చుట్టుకుంటుంది. ఇది విక్కా కంటే పాతది, చాపెల్ కంటే పాతది. దేవుడే లేడని పబ్బులో బల్లగుద్ది చెప్పేవాడు కూడా ఆ చెట్టు మీద ఇంకొకరి పేలిక ముట్టుకోడు. ఆ ఊటలో ఆకులు తియ్యడం, దారి శుభ్రం చెయ్యడం ఎబ్రెల్ పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది.

ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు డెన్‌జిల్. సముద్రం మీద చేపలవేట. యాభై రెండో ఏట ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. రెండేళ్ళు, మహా అయితే మూడు అని డాక్టర్లు తేల్చేశారు. డెన్‌జిల్ భార్య కెరెన్, చాపెల్లో ఆర్గన్ వాయించే మనిషి. ఆడపడుచు చేసేదంతా సైతాను పూజ అని పాతికేళ్ళుగా ఊరంతా టముకు వేసిన మనిషి. అలాంటిది, డాక్టరు మాట విన్న వారానికే గొర్రెలదారి ఎక్కింది. ఎబ్రెల్‌ని ఒక్క మాట అడగొచ్చు కదా? అడిగితే తల తీసేసినట్టు కాదూ! మొగుడు ముప్పయ్యేళ్ళు రొమ్ము మీద తొడుక్కున్నది సముద్రం మీది వానకోటే గదా అనుకుని, ఆ కోటు ఒక చేతి అంచులోంచి ముక్క కోసి తీసుకెళ్ళి కట్టేసి వచ్చింది. నారింజరంగు ప్లాస్టిక్ ముక్క.

మర్నాడు ఆకులు తియ్యడానికి వెళ్ళిన ఎబ్రెల్ అది చూసింది. చేతిలో చీపురుతోనే సరాసరి చాపెల్లోకి నడిచింది, ముప్పయ్యో ఏట బయటికి వచ్చాక మళ్ళీ గుమ్మం తొక్కడం అదే.

"ఏమే, బుద్ధుందా నీకు? అది ప్లాస్టిక్! నూలు కట్టాలి, ఉన్ని కట్టాలి. చివకాలి అది. నీ మనవలకి మనవలు పుట్టినా ఆ ముక్క చివకదు. వాడి జబ్బు వాడి గుండెల్లోనే కూర్చుంటుంది."

కెరెన్ వాయించడం ఆపలేదు. "సైతానుని కొలిచేవాళ్ళ సలహా నాకక్కర్లేదు వదినా."

"మరి సైతాను చెట్టుకి ఎందుకు కట్టావు?"

"చెట్టు దేవుడిది. మధ్యలో నువ్వు దూరావు."

"వెళ్ళి విప్పు."

"విప్పను. నువ్వు చెప్పావు గనక అసలు విప్పను."

అక్కడితో మొదలైంది. రెండేళ్ళు గడిచాయి, మూడేళ్ళు గడిచాయి. డెన్‌జిల్ పోలేదు. ముక్కుకి గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను, కిటికీ దగ్గర కుర్చీ. సముద్రంలోకి వెళ్ళే పడవల్ని తిట్టుకుంటూ కూర్చునేవాడు. నాలుగో ఏట కెరెన్ కూరగాయల కొట్లో అందరి ముందూ ఎబ్రెల్ దారికి అడ్డంగా నిలబడింది.

"డాక్టర్లు మూడేళ్ళన్నారు. ఎవరాపారు మరి? చివకదు చివకదు అని గోల పెట్టావుగా. అది చివకలేదు గనకే మా ఆయన చివకలేదు. తెలిసిందా, వదినగారూ?"

ఎబ్రెల్ నోట మాట రాలేదు. ఆ నోట మాట రాకపోవడం కొట్లో వాళ్ళెవరూ అంతకుముందు చూసి ఎరగరు. చెట్టు తనది, ఆచారం తనది, ముప్పయ్యేళ్ళ సేవ తనది. నిన్నగాక మొన్న దారెక్కిన చాపెల్ మనిషి ఆ ఆచారాన్నే తిరగేసి తన మొహాన కొట్టింది. ఇంటికెళ్ళాక బోలెడు జవాబులు తోచాయి. వాటిని రాత్రంతా గోడకి చెప్పుకుంది. అదీ ఒక బతుకేనా, మెట్టు ఎక్కలేడు, పాట పాడలేడు, జబ్బుని కట్టేసి మనిషిని బతికించానంటుందేమిటి ఆ మూర్ఖురాలు, అని.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కెరెన్ గొర్రెలదారి ఎక్కడం మొదలుపెట్టింది. వానైనా, గాలైనా, పొగమంచైనా సరే. ముడి వదులైతే బిగించి, కిందికి దిగి, తలుపు తీసి, మొగుడికి ఒకటే మాట చెప్పేది. "ఉంది."

ఆరో ఏట మే పండగ రోజున ఎబ్రెల్ తెగించింది. ముళ్ళచెట్టు తెల్లగా పూసి ఉంది. వలయం వాళ్ళంతా తలలకి పూలదండలు చుట్టుకుని నిలబడ్డారు. హెడ్లీ జింక కొమ్ముల కిరీటం పెట్టుకున్నాడు. అందరూ చూస్తుండగా ఎబ్రెల్ కత్తి తీసి, "వాడి జబ్బు నాకే రానీ, కోసేస్తున్నాను" అని కొమ్మ వంచింది. ఎక్కడినుంచి వచ్చిందో కెరెన్, నీళ్ళ బకెట్‌తో ఆడపడుచు వీపు మీద ఒక్కటి వేసింది. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. అరవై దగ్గరపడ్డ ఆడవాళ్ళు ఊటలో పడి దొర్లారు. విడదియ్యబోయిన హెడ్లీ కొమ్ము ఒకటి విరిగింది.

"చాలు!" అన్నాడు హెడ్లీ, విరిగిన కొమ్ము చేత్తో పట్టుకుని. "ఎవరి ముడి వాళ్ళది. ఎబ్రెల్, ఇంకోసారి నువ్వు ఆ ముక్క మీద చెయ్యేస్తే వలయంలో చోటుండదు నీకు."

"నీ కొమ్ములకి జిగురు నేనే కాచి ఇవ్వాలి, గుర్తుంచుకో" అని ఎబ్రెల్ తడిబట్టలతోనే దిగిపోయింది. చెయ్యి వెయ్యలేదు, కానీ నోరు మూసుకోనూ లేదు. ఆ ముక్క తీసేస్తే నా తమ్ముడు లేచి నడుస్తాడని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. మూడేళ్ళు చెప్పింది.

బుధవారం మధ్యాహ్నాలు కెరెన్‌కి చాపెల్లో వాయింపు. ఆ రెండు గంటలూ ఎబ్రెల్‌వి. థైమ్ ఆకు, తేనె కలిపి కాచిన సీసా పట్టుకుని దొడ్డిదారిన వచ్చేది. కెరెన్ కంటబడితే ఆ సీసా సింకులో పోసేస్తుంది.

"పాపం, ఆ సింకుకి దగ్గెప్పుడో తగ్గిపోయుంటుంది" అనేవాడు డెన్‌జిల్.

తొమ్మిదో ఏట మార్చి నెలలో ఒక బుధవారం అతను సీసా అందుకోలేదు.

"అక్కా, ఆ ముక్క కోసెయ్యి."

ఎబ్రెల్ మొహం విప్పారింది. "హమ్మయ్య! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా నీకు. ఇవాళే వెళతాను. చూడు, ఎండాకాలానికల్లా నువ్వు—"

"నయమవుతుందని కాదే." ఒక్కో మాటకీ ఆగుతున్నాడు. "రోజూ పొద్దున్నే వచ్చి 'ఉంది' అంటుంది. ఉంది అనగానే నేను ఇంకో రోజు ఉండాలి. గంజి తాగించి, ఒళ్ళు తుడిచి, నా మొహంలోకి చూస్తుంది, చెట్టుని చూసినట్టే. ఆవిణ్ణి ఏమనగలను? తొమ్మిదేళ్ళు నన్ను మోసింది. కానీ అలిసిపోయానక్కా. ఇంక నా వల్ల కాదు."

"నువ్వు అవన్నీ నమ్మవుగా."

"నమ్మను. నమ్మనని అనుకోవడానికి కూడా ఇప్పుడు ఓపిక లేదు. పొద్దున ఆవిడ తలుపు తియ్యగానే, ఆ మాట వినగానే, ఈ ఒళ్ళు మళ్ళీ ఊపిరి పీలుస్తుంది. నేను అడక్కపోయినా." పెరటి గోడకి వేలాడుతున్న కోటు వైపు వేలు చూపించాడు. తొమ్మిదేళ్ళుగా అది అక్కడే మేకుకి ఎండుతూ తడుస్తూ ఉంది, చెట్టు మీది ముక్కలాగే వెలిసిపోయి. "రెండో చేతిలోంచి ఇంకో ముక్క కోసి దాని బదులు కట్టు. కెరెన్‌కి తెలియకూడదు. నాకు తెలిస్తే చాలు."

ఎబ్రెల్ లేచింది. పెరట్లోకి వెళ్ళి కోటు రెండో చేతిలోంచి ముక్క కోసింది. జేబులో పెట్టుకుని గొర్రెలదారి ఎక్కింది.

చెట్టు ఇంకా మొగ్గ తొడగలేదు. నారింజరంగు ముక్క గాలికి కొట్టుకుంటోంది. "ఏమమ్మా, ఇది నా తమ్ముడిది, తీస్తున్నాను" అంది, అలవాటు కొద్దీ గట్టిగానే. కత్తి ముడి కిందికి పెట్టింది. చెయ్యి కదల్లేదు.

కోసెయ్యమని తొమ్మిదేళ్ళు ఊరంతా దద్దరిల్లేలా అరిచింది ఈవిడే. దెబ్బలు తింది, ఊటలో పడింది. ఇప్పుడు అడ్డం ఎవరూ లేరు, కోసెయ్యమని సాక్షాత్తూ తమ్ముడే అడిగాడు. కొయ్యలేకపోయింది. కెరెన్ చెప్పిందే నిజమైతే? కత్తి కొంచెం జరిగితే కింద ఆ కిటికీ దగ్గర ఊపిరి ఆగిపోతే? తను చెప్పినదాన్ని తనే నమ్మలేదని అప్పుడర్థమైంది ఎబ్రెల్‌కి. నమ్మి ఉంటే ఆ బకెట్ దెబ్బకి ఆగేదా? ఎప్పుడో ఓ తెల్లవారుజామున వచ్చి కోసేసి ఉండేది. ఇన్నేళ్ళూ తనకి కావలసింది కెరెన్‌తో దెబ్బలాట. తమ్ముడు పోతాడన్న భయం గుర్తు రాకుండా ఉండడానికి, రోజూ ఎవరో ఒకర్ని తిట్టాలి కదా. కత్తి మూసి, ముళ్ళచెట్టు కింద కూర్చుని, పిల్లదానిలా ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని కిందికి దిగింది.

"కోశాను" అంది తమ్ముడితో. "కొత్తది కట్టాను. తేడా ఏం తెలియదు."

డెన్‌జిల్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. "నువ్వు కోసినందుకు నా జబ్బు నీకు రాదు కదా?"

"వస్తే రానీ, దాన్నీ నాలుగు తిడతాను. పోతుంది."

అతను నవ్వాడు. దగ్గు రాకుండా నవ్వాడు.

మర్నాడు కెరెన్ వచ్చి "ఉంది" అంది. డెన్‌జిల్ బుద్ధిగా తలూపాడు. ఆ రోజునుంచి అతను మారిపోయాడు. చిన్నప్పటి సంగతులు చెప్పాడు. మాంసం, బంగాళదుంప కూరిన పేస్టీ కావాలని అడిగి సగం తిన్నాడు. కెరెన్‌ని చాపెల్ పాటలు కూనిరాగం తియ్యమని, అవి వింటూ నిద్రపోయేవాడు. మనిషి కోలుకుంటున్నాడని కెరెన్ ఊరంతా చెప్పుకుంది. వచ్చే నెలలో ఒడ్డుదాకా తీసుకెళతానని చక్రాల కుర్చీ కూడా మాట్లాడిపెట్టింది. అది కోలుకోవడం కాదని ఎబ్రెల్‌కి మాత్రం తెలుసు. చూస్తూ ఉండడం తప్ప చెయ్యగలిగింది లేదు. తిట్టడానికీ ఎవరూ దొరకలేదు.

పన్నెండో రోజు, సోమవారం పొద్దున, కెరెన్ టీ తెచ్చేసరికి డెన్‌జిల్ పోయాడు. కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి.

కబురందుకుని ఎబ్రెల్ పరిగెత్తుకొచ్చింది. తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం నిలబడిందో లేదో, కెరెన్ ఇంట్లో లేదని తెలిసింది. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళిందని పక్కింటావిడ చెప్పింది. ఎక్కడికని వేరే అడగాలా?

ఎబ్రెల్ రొప్పుతూ మలుపు చేరేసరికి కెరెన్ చెట్టు ముందు నిలబడి ఉంది. మేజోళ్ళు చిరిగి పాదాలకి బురద. నారింజరంగు ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది.

"ఉంది" అంది. ఎబ్రెల్ వైపు తిరిగింది. "ఉందే వదినా. ముడి కూడా వదులవ్వలేదు. నిన్ననే బిగించాను."

ఎబ్రెల్ ఒక అడుగు దగ్గరికి వేసింది.

"ఉంటే మరి ఎందుకు పోయాడు? రోజూ వచ్చాను. జ్వరంలో వచ్చాను. మా అమ్మ పోయిన రోజు కూడా ముందు ఇక్కడికొచ్చి తర్వాత వెళ్ళాను." గొంతు పైకి లేవడం లేదు, భయపెట్టింది అదే. కెరెన్ గొంతు అలా ఎప్పుడూ లేదు. "అయితే ఇది ఏమీ కాదన్నమాట. ఉత్త ప్లాస్టిక్కు. తొమ్మిదేళ్ళు నేను ఉత్త ప్లాస్టిక్కు ముక్కని..."

తడిమట్టిలో కూలబడింది. ఆ కూర్చోవడం మళ్ళీ లేచే మనిషి కూర్చున్నట్టు లేదు. ఎబ్రెల్ ముప్పయ్యేళ్ళు జబ్బుమనుషుల మధ్య తిరిగింది, ఆ తేడా ఆవిడకి తెలుసు. ఈ ఆడదాన్ని తను ఎంతగా అసహ్యించుకుంది! ఎన్ని రాత్రులు శపించింది! ఈవిడ ఇలా నేలమీద కూలితే చూడాలని ఎంత అనుకుంది! ఇదిగో, కూలింది. ఎబ్రెల్‌కి అనుకున్న సంతోషం రాలేదు.

"అది నువ్వు కట్టింది కాదు" అంది.

కెరెన్ తలెత్తింది.

"నువ్వు కట్టిందాన్ని నేను కోసేశాను. పన్నెండు రోజులైంది. నువ్వు వాయింపుకి వెళ్ళినప్పుడు. నీకు తెలియకుండా వేరే ముక్క కట్టాను. నమ్మకపోతే పెరట్లో కోటు చూసుకో, రెండో చెయ్యి కూడా కోసి ఉంటుంది."

"నువ్వు..."

"నేనే. నీది ఉన్నన్నాళ్ళూ వాడున్నాడు. నేను తీశాను, పోయాడు." ఎక్కడా తడబడకుండా, పళ్ళెంలో బఠాణీలు వదిలేసిన పిల్లాడితో మాట్లాడినట్టే చెప్పింది. "నువ్వన్నదే నిజం. నాది తప్పు. చాలా?"

కెరెన్ లేచింది. లేచి ఎబ్రెల్ చెంప మీద చాచి కొట్టింది. ఇంకోటి కొట్టింది. మంత్రగత్తె అంది, ముండ అంది, ఒక్కడే తమ్ముడు కదే నీకు అంది, చాపెల్ మనిషి నోట ఎన్నడూ రాని మాటలన్నీ వచ్చాయి. చచ్చేదాకా నిన్ను క్షమించను, నీ పేరు ఈ ఊళ్ళో మట్టి చేస్తాను అంది. ఎబ్రెల్ చేతులు కిందికి వదిలేసి నిలబడింది. నోరు విప్పితే నిజం బయటపడుతుందేమోనని దవడ బిగించుకుంది.

కెరెన్ వెనక్కి తిరిగింది. ముందు ఊళ్ళో చెప్పాలి, హెడ్లీకి చెప్పాలి, పాస్టరుకి చెప్పాలి, ఎంత పని ఉందో ఆవిడకిప్పుడు. బురదపాదాలతో, నడుం నిటారుగా పెట్టి, ఒక్కచోట కూడా ఆగకుండా గొర్రెలదారి దిగిపోతోంది. ఎబ్రెల్ చెంప పట్టుకుని ఆ నడకనే చూసింది. అంత కోపంగా ఉన్న మనిషి ఇప్పట్లో చావదు. ఇంటికెళుతుంది, పొయ్యి వెలిగించుకుంటుంది, నన్ను తిట్టుకుంటూ రెండు ముద్దలు తింటుంది, అనుకుంది.